కట్ట తెగని రోజు

నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఈ సంగతి మొదటే ఒప్పేసుకుంటే తరవాత ఎవరూ నిలదీయరు కదా అని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. పద్యంలో గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ అని అడిగితే నిద్రలో కూడా చెప్పగలను. ఆఫ్‌సైడు ఎక్కడ అని అడిగితే మాత్రం హైస్కూల్లో చదివే మా అబ్బాయి వైపు చూస్తాను. వాడు నా వైపు జాలిగా చూస్తాడు. అటువంటివాణ్ణి ఈ వారం ఫుట్‌బాల్ గురించి రాయడానికి కూర్చున్నానంటే దాని వెనక ఒక తప్పు వుంది. ఆ తప్పు నాదే.

రెండు నెలల కిందట ఆఖరు సంవత్సరం పిల్లలకు కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణం' చెబుతున్నాను. అనంతపురంలో ఆ కావ్యం చెప్పడంలో ఒక సుఖం వుంది. కథ జరిగిన బుక్కరాయసముద్రం చెరువు చూడాలంటే వూహించుకోనక్కరలేదు, బస్సెక్కితే చాలు. వానకు చెరువు నిండడం, కట్ట తెగబోవడం, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే గాని కట్ట నిలవదని గ్రామదేవత పలకడం, ఆ పిల్ల అందరి దగ్గరా సెలవు తీసుకుని నీళ్లలోకి నడిచిపోవడం – ఇదీ కథ. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం వణికించడం నాకు అలవాటు. ఇరవై ఏళ్లుగా అదే చోట వణుకుతున్నది. పిల్లలు కూడా అదే చోట నిశ్శబ్దంగా వుంటున్నారు.

ఈసారి ఆ నిశ్శబ్దంలోంచి ఒక చెయ్యి లేచింది. ఆఖరు బెంచీ అబ్బాయి. పేరు రాయను. కల్యాణదుర్గం వైపు పల్లె. క్లాసుకి నాలుగు రోజులు వస్తే పది రోజులు రాడు.

"సార్, కట్ట తెగేదాకా దాన్ని ఎవరు చూసుకుంటాండ్రి సార్?" అన్నాడు.

మంచి ప్రశ్నో చెడ్డ ప్రశ్నో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. వణికిన గొంతు వృథా అయిందన్న కోపం ఒకటి. "ఎవరు చూసుకునేవాళ్లో తెలియదు గాని, నువ్వయితే కాదు. నీకు హాజరే లేదుగా" అన్నాను. క్లాసు నవ్వింది. నవ్వితే మా వుపాధ్యాయులకు ఒక జబ్బు వుంది, అక్కడితో ఆగం. "ఇంతకీ ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్లావు?" అన్నాను.

"ఫుట్‌బాల్ సార్. కాలేజీ టీములో వున్నా."

"అలాగా! మూడేళ్లలో ఎన్ని గోల్సు కొట్టావేమిటి?"

"కొట్టలేదు సార్. నేను బ్యాకు."

"మూడేళ్లకు ఒక్క గోలూ లేదా? మరి ఆడుతున్నావో, చూస్తున్నావో!"

ఈసారి క్లాసు బల్లలు చరిచి నవ్వింది. అబ్బాయి కూర్చున్నాడు. గంట కొట్టారు. నేను రిజిస్టరు చంకన పెట్టుకుని, ఇవాళ పాఠం రక్తి కట్టిందనుకుంటూ బయటికి వచ్చాను.

మర్నాడు ఆ అబ్బాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తరవాత మా కాలేజీ వ్యాయామ విభాగం పి.డి. గారు స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చుని, "శాస్త్రి గారి ఛందస్సు మాకు రానట్టే మా ఆట మీకు రాదు. తప్పు లేదు. రేపు సాయంత్రం మ్యాచి వుంది, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నారు. నా పేరు శాస్త్రి కాదు. తెలుగు చెప్పేవాళ్లందరినీ ఆయన శాస్త్రి గారనే అంటారు. కోపంగా అని వుంటే వెళ్లేవాణ్ణి కాదు. నవ్వుతూ అన్నారు గనక వెళ్లక తప్పలేదు.

అనంతపురంలో సాయంత్రం మైదానం ఎలా వుంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. గడ్డి అన్న మాట మరిచిపోండి. ఎర్రమట్టి. పాతికమంది పరుగెత్తితే మనుషులు కనబడరు, దుమ్ము కనబడుతుంది. ఆ దుమ్ములోంచి ఒక గొంతు వినబడుతున్నది. "ఎడమ! ఎడమ! వదలొద్దు! ముందుకు రా!" ఆ గొంతు ఎవరిదా అని చూస్తే మా ఆఖరు బెంచీ అబ్బాయిది. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు అక్కడ పదిమందిని నడిపిస్తున్నాడు.

పి.డి. గారు పక్కన నిలబడి నాకు పాఠం చెప్పారు. "బంతిని చూడకండి, మనవాణ్ణి చూడండి" అన్నారు. చూశాను. అవతల కుర్రాడు బంతితో దూసుకొస్తున్నాడు. మనవాడు మీదికి వురకలేదు. వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"భయపడుతున్నాడా?" అన్నాను.

"కాదండీ. ఆలస్యం చేస్తున్నాడు. మీదికి వురికితే అవతలివాడు పక్కనుంచి పోతాడు. వురకకుండా దారి మూస్తూ, మెల్లగా గీత వైపుకి నెడుతున్నాడు. ఈలోగా మనవాళ్లు ముగ్గురు వెనక్కి వచ్చేశారు చూడండి."

నిజమే, వచ్చేశారు.

"అవతలివాడి కాళ్లు చూసేవాడు మోసపోతాడు. కాళ్లు అబద్ధం చెబుతాయి. నడుము చూడాలి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు" అన్నారాయన. ఇరవై ఏళ్ల నుంచీ అలంకారశాస్త్రం చెబుతున్నాను. ఇంత మంచి సూత్రం నాకు కనబడలేదు.

మ్యాచి మనదే. ఒకటి – సున్న. గోలు కొట్టిన పిల్లవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిప్పారు. మర్నాడు పత్రికలో వాడి పేరూ వచ్చింది, వాడి ఫోటో కూడా వచ్చింది. మా బ్యాకు మోకాలు చీరుకుపోయి, పంపు దగ్గర కడుక్కుంటున్నాడు. నన్ను చూసి "నమస్తే సార్" అని పక్కకు తప్పుకున్నాడు. నేను "బాగా ఆడావు" అన్నాను. ఆ మాట మైదానంలో అన్నాను. వెక్కిరింపు మాత్రం క్లాసులో అన్నాను. ఆ రెండూ ఒకటి కాదని ఆ రాత్రి నిద్ర పట్టకపోయాక తెలిసింది.

నిద్ర పట్టకపోతే నేను చదువుతాను. ఏం చదవాలో తెలియక పి.డి. గారిని అడిగితే, "సయ్యద్ నయీముద్దీన్ గారి గురించి చదవండి" అన్నారు. చదివాను. చదివింది మీకు చెప్పకుండా వుండలేను.

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఒక కాలం వుండేది. ఇప్పటి పిల్లలు నమ్మరు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసు జట్టుదే. ఆ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తికి బడిపంతులు. ఆ పంతులుగారే భారత జట్టుకూ గురువై 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో కాన్సరుతో ఆయన పోయారు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చింది గనక ఆ పేరు మీలో కొందరికైనా తెలిసి వుంటుంది.

ఆ జకార్తా కథలో ఒక ముచ్చట. జర్నైల్ సింగ్ అని పంజాబు వస్తాదు, మన జట్టులో రక్షణ చూసేవాడు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కూర్చోబెట్టడానికి బదులు రహీం గారు అతన్ని ముందువరసలోకి పంపారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు, కొరియాతో జరిగిన ఫైనల్లోనూ గోలు కొట్టాడు. ఇప్పటికీ జర్నైల్ పేరు చెప్పగానే అందరూ ఆ కుట్ల తలతో కొట్టిన గోళ్లే చెబుతారు. అన్నేళ్లు ఆపిన గోళ్ల లెక్క ఎవరూ చెప్పరు. ఆపినవి లెక్కకు రావు మరి!

రహీం గారి హైదరాబాదులో ఎదిగిన తరం నయీముద్దీన్ గారిది. 1944లో హైదరాబాదులో పుట్టారు. హైదరాబాదు పోలీసు జట్టులో ఆడి, తరవాత కలకత్తా వెళ్లారు. ఆ రోజుల్లో కలకత్తా అంటే ఫుట్‌బాల్‌కు కాశీ. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ – మూడు పెద్ద జట్లకూ ఆడారు. ఒక జట్టు అభిమాని మరో జట్టు అభిమానితో పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి కూడా ఆలోచించే వూళ్లో మూడిళ్లలోనూ అన్నం తిన్నారంటే మనిషి పనితనం ఎంతటిదో చూసుకోండి. ముందువరస ఆటగాడు కాదు. గోలు పడకుండా ఆపేవాళ్ల వరస.

1970 డిసెంబరులో బాంకాక్ ఆసియా క్రీడలకు ఆయనే భారత జట్టు నాయకుడు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడారు. మూడో స్థానం కోసం జపానుతో ఆట. జపాను అంటే ఆషామాషీ కాదు, రెండేళ్ల ముందు 1968 మెక్సికో ఒలింపిక్సులో కాంస్యం గెలిచిన దేశం. ఆ జపాను మీద మనవాళ్లు గెలిచారు. ఒకటి – సున్న.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఒకటి – సున్న. ఆ ఒకటి మంజీత్ సింగ్‌ది, రికార్డుల్లో పేరు వుంది. మరి ఆ సున్న ఎవరిది? ఒలింపిక్ కాంస్యం మెడలో వేసుకున్న దేశాన్ని తొంభై నిమిషాలు సున్న దగ్గర నిలబెట్టడం మాటలా? ఒకటి పక్కన పేరు రాయడానికి జాగా వుంది, సున్న పక్కన లేదు. అదే ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్‌కు మనకు వచ్చిన ఆఖరు పతకం. మళ్లీ రాలేదు.

అంతకన్నా విచిత్రం తరవాత వుంది. ఆట మానేశాక నయీముద్దీన్ గారు శిక్షకులయ్యారు. క్రమశిక్షణ విషయంలో చండశాసనులని పేరు. 1990లో ఆయన దగ్గర తర్ఫీదు పొందిన ఈస్ట్ బెంగాల్ జట్టు ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరండ్, రోవర్స్ మూడూ గెలిచింది. భారత జట్టుకూ గురువుగా వున్నారు. సరిహద్దు దాటి ఢాకాలో బ్రదర్స్ యూనియన్ జట్టుకూ చెప్పారు. గురువులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1990లో వచ్చింది. ఫుట్‌బాల్ గురువుల్లో అది అందుకున్న మొదటివారు ఆయనే. బాగుంది. మరి ఆడినవాళ్లకిచ్చే అర్జున పురస్కారం ఎప్పుడొచ్చింది? 1997లో!

మన భారతంలో ద్రోణుడు ముందు, అర్జునుడు తరవాత అన్న మాట నిజమే. కాని వాళ్లిద్దరూ ఇద్దరు మనుషులు. ఒకే మనిషికి ముందు గురుపీఠం వేసి, ఏడేళ్ల తరవాత "అన్నట్టు, నువ్వు బాగా ఆడేవాడివి సుమా" అని చెప్పడం ఎక్కడన్నా వుందా? నాయకుడై పతకం తెచ్చిన ఏడాదికీ, ఆ మాట చెప్పిన ఏడాదికీ మధ్య ఇరవై ఏడేళ్లు. అన్ని దేశాల్లోనూ వెనకవరసవాళ్ల సంగతి ఇంతేనేమో అనుకున్నాను. ఐరోపాలో 1956 నుంచి ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బంగారు బంతి వెనకవరస వాళ్లకు దక్కింది బెకెన్‌బౌర్‌కు 1972లో, 1976లో, సామర్‌కు 1996లో, కన్నవారోకు 2006లో. వేళ్ల మీద లెక్కపెడితే ఒక చెయ్యి చాలు, ఇంకా ఒక వేలు మిగులుతుంది.

మా పిన్నికొడుకు టొరాంటోలో వుంటున్నాడు. ఆదివారం ఫోనులో ఈ గోడు వెళ్లబోసుకుంటే నవ్వి, "అన్నయ్యా, ఇక్కడి ఫుట్‌బాల్ చూస్తే నీ మనసు చల్లబడుతుంది" అన్నాడు. కెనడావాళ్లు ఫుట్‌బాల్ అంటారు గాని ఎక్కువసేపు చేతుల్తోనే ఆడతారట. జట్టుకు పన్నెండుమంది. కోడిగుడ్డు లాంటి బంతి. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్లకు ఇచ్చెయ్యాలి. అసలు విశేషం ఏమిటంటే, దాడి చేసేవాళ్లు వేరు, ఆపేవాళ్లు వేరు. బంతి చేయి మారగానే ఒక దండు దండూ బయటికి పోయి మరో దండు లోపలికి వస్తుంది. ఆపేవాడు ఎన్నిసార్లు మనిషిని పట్టి పడేశాడో ఒక్కొక్కటీ లెక్క రాస్తారు. ఏడాది చివర ఉత్తమ రక్షకుడికి వేరే పురస్కారం. 1974 నుంచీ ఇస్తున్నారట.

"అంటే సున్నకు కూడా పద్దు రాస్తారన్న మాట!" అన్నాను.

"రాస్తారు. జీతం బేరం ఆడేటప్పుడు ఆ పద్దు చూపించుకుంటారు కూడాను. కాని మోకాలు పోయిందంటే ఇక్కడా అంతే అన్నయ్యా. మర్నాడు ఆ చొక్కా మరొకడు తొడుక్కుంటాడు" అన్నాడు.

ఈ సంభాషణంతా మా ఆవిడ వంటింట్లోంచి వింటున్నది. ఉగ్గాని పళ్లెం తెచ్చి ముందు పెట్టి, "పాలు పొంగిపోయిన రోజు మీరు నాలుగుసార్లు చెబుతారు. పొంగని రోజులు ఏడాదికి మూడువందల అరవై. వాటి పద్దు ఎక్కడ రాస్తున్నారు?" అన్నది. నేను మిరపకాయ బజ్జీ కొరుక్కున్నాను. కళ్లనీళ్లు వచ్చాయి. బజ్జీ కారం.

తరవాత వారం ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. మా బ్యాకు తండ్రి.

"వాడు సదువుకుంటాండాడని అనుకుంటి సార్. ఆట ఆడతాండాడని మొన్ననే తెలిసె. బెంగుళూరులో ఏదో క్లబ్బోళ్లు రమ్మన్యారంట. పరీక్షలు గిరీక్షలు ఏం లేకుండా పోతానంటాడు. ఏమంటే, 'సారు గూడ నన్ను నవ్విరి, నాకు కాలేజీ వద్దు' అంటాడు. మీరేమన్నా అంటిరా సార్?"

ఆయన నిందించడానికి అడగలేదు. తెలుసుకోవడానికి అడిగాడు. అందువల్ల మరీ కష్టమైంది. "అన్నాను. అనకూడని మాట అన్నాను" అని చెప్పాను.

మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. "తాగన్నా" అన్నది. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని అసలు మాట అడిగాడు.

"చెనిక్కాయ పంట మూడేండ్ల నుంచి పెట్టుబడి రాల్యా సార్. బోర్లు ఎండిపాయ. వాడొక్కడే కొడుకు. దీంట్ల అన్నం పుడతాదా సార్? నిజం చెప్పండ."

నిజం చెప్పమంటే ఏం చెప్పను? నయీముద్దీన్ గారి కథ చెప్పడం తేలిక. ఆ కథ విని ఇల్లు గడవదు. ఆ రోజుల్లో హైదరాబాదు పోలీసు జట్టులో ఆడినవాడికి ఒక ఉద్యోగం వుండేది, కాలు అలిసినా జీతం రాయి ఒకటి కింద వుండేది. ఇప్పుడు క్లబ్బులు. 2014లో ఐ.ఎస్.ఎల్. మొదలయ్యాక డబ్బు వచ్చింది, పేరు వచ్చింది. హైదరాబాదు పేరు పెట్టుకున్న జట్టు 2022లో ఆ కప్పు కూడా గెలిచింది. అయితే ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో. ముప్పై, ముప్పై అయిదు ఏళ్లు వచ్చేసరికి ఆట ముగుస్తుంది. మనిషి ముగియడు. ఇంకా ముప్పై ఏళ్లు బతకాలి. మన జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్.డి.టి. వారు, ఆ విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థవారు, పల్లెపిల్లల చేత బంతి పట్టించి, ఆడపిల్లల్ని కూడా మైదానంలోకి తెచ్చారు. దారి అయితే పడింది. ఆ దారి ఎంతమందిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇదంతా వున్నదున్నట్టు చెప్పాను. "ఆటలో అన్నం పుడుతుందని మాట ఇవ్వలేను. పుట్టదనీ చెప్పలేను. కాని పరీక్ష రాసి వెళ్లమని మాత్రం గట్టిగా చెబుతాను. డిగ్రీ వుంటే, మోకాలు పోయిన రోజున శిక్షకుడు కావడానికో, వ్యాయామోపాధ్యాయుడు కావడానికో ఒక తలుపు తెరిచి వుంటుంది. హాజరు తక్కువైన సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగ పూర్తి చేసి, గ్లాసు కింద పెట్టి, ఆటకు సంబంధం లేనట్టు ఇంకో మాట ఎత్తుకున్నాడు.

"మా నాయన నీరుగంటి సార్. వానొస్తే ఇంట్ల పండుకునేది ల్యా. లాంతరు పట్టుకోని కట్ట మీద తిరగాల. ఎండ్రకాయ బొక్క కనపడితే మట్టి కొట్టి తొక్కాల. ఎలక బొక్క కనపడితే తొక్కాల. ముప్పై ఏండ్లు చూసె. కట్ట తెగల్యా. ఎవురూ ఆయప్పకు దండ ఎయ్యల్యా. ఆయప్ప పోయినాంక రెండేండ్లకు తెగె. అప్పుడు వూరంతా, 'నీరుగంటోడు వుండింటే' అనిరి."

లేచి తువ్వాలు దులుపుకుని, "వీనికి వాళ్ల తాత బుద్ధే వచ్చిండాది. ఏం జేస్తాం, పోనీలే సార్" అన్నాడు. అప్పుడు చూశాను ఆయన మొహంలో, చింతతో పాటు కొంచెం గర్వం కూడా వుంది.

నాకు ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న జ్ఞాపకం వచ్చింది. కట్ట తెగేదాకా దాన్ని ఎవరు చూసుకునేవాళ్లు? వాడు అల్లరికి అడగలేదు. నీరుగంటి మనవడు అడిగాడు! ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ క్లాసులో వాడికి ఒక్కడికే వుంది. నేను దానికి వెక్కిరింత జవాబు చెప్పాను.

వానే లేని సీమలో కట్ట కాపలా ఏమిటని కోస్తా పాఠకులు అనుకోవచ్చు. మాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే అది పడినట్టు. అదీ తీరుబడిగా పడదు. నాలుగు రోజులు కురిసి, మళ్లీ వచ్చే ఏడాది దాకా మొహం చాటేస్తుంది. ఆ నాలుగు రోజులు నీటిని ఆపినవాడిదే పంట. ఆపలేకపోతే వరదా మనదే, కరువూ మనదే. అందుకే విజయనగరం కాలం నుంచి ఈ గడ్డ మీద చెరువులు. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనంలో వుంది. తెగిన నాడు బలి అయిన పిల్ల పేరు కావ్యంలో వుంది. మధ్యలో తెగకుండా చూసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల పేర్లు వుండే చోటు ఒక్కటే. తెగని రోజులు.

సోమవారం నాడు క్లాసుకి వెళ్లాను. ఆ అబ్బాయి వచ్చి వున్నాడు, తండ్రి పంపినట్టుంది. హాజరు పిలిచి, పుస్తకం తెరవకుండా నిలబడ్డాను. గొంతు వణికింది. ఈసారి అలవాటుగా వణకలేదు.

"నెల కిందట ఈ క్లాసులో ఒకరు ఒక ప్రశ్న అడిగారు. నేను జవాబు చెప్పకుండా హాస్యం ఆడాను. ఆ హాస్యం తప్పు. మీ అందరి ముందూ ఆడాను గనక మీ అందరి ముందే తప్పు ఒప్పుకుంటున్నాను" అన్నాను. తరవాత జవాబు చెప్పాను. నీరుగంటి ఎవరో, లాంతరు ఎందుకో, ఎండ్రకాయ బొక్క ఏం చేస్తుందో చెప్పాను. బాంకాక్‌లో ఒకటి – సున్న సంగతి చెప్పాను. ద్రోణుడు ముందొచ్చి అర్జునుడు తరవాత వచ్చిన సంగతి చెప్పాను. ముసలమ్మ త్యాగాన్ని తక్కువ చెయ్యకుండానే, ఒక బిడ్డను బలి ఇచ్చేదాకా వూరు ఎందుకు రావలసి వచ్చిందో కూడా అడగవచ్చునని చెప్పాను. ఇరవై ఏళ్లలో ఆ పాఠం మొదటిసారి చెప్పినట్టు అనిపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా బ్యాకు తల ఎత్తలేదు, బల్ల మీద గోటితో గీతలు గీస్తున్నాడు. మొదటి బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఇది పరీక్షకు వస్తుందా?" అని అడిగింది. రాదని చెప్పాను. అయినా రాసుకుంది.

గంట కొట్టాక అబ్బాయి వరండాలో నా కోసం నిలబడి వున్నాడు. "సార్, పరీక్షలు రాసే పోతా" అన్నాడు. తరవాత ఇంకేదో చెప్పాలని చూసి, చెప్పలేక, "సార్, ఆదివారం మ్యాచి వుంది, వస్తారా?" అన్నాడు. వస్తానన్నాను. వెళ్లాను కూడా. ఆ రోజు మనవాళ్లు ఓడిపోయారు, రెండు – ఒకటి. మా బ్యాకు నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. గోలు పడితే మాత్రం ఆ పద్దు వాళ్లే రాసుకుంటారు కాబోలు.

బెంగుళూరు సంగతి ఇంకా తేలలేదు. పరీక్షలయ్యాక మళ్లీ రమ్మన్నారట. తేలితే చెబుతాను.

హాజరు తక్కువైనవాళ్లకు మా ఆఫీసులో ఒక ఫారం వుంది. అందులో "గైర్‌హాజరుకు కారణం" అని ఒక గడి. నేను కలం తీసి ముందు 'కట్ట కాపలా' అని రాశాను. ఆఫీసువాళ్లు ఒప్పుకోరని తోచి దాన్ని కొట్టేసి, పక్కన 'క్రీడలు' అని రాసి సంతకం చేశాను. ఫారం మంజూరైంది. కొట్టేసిన మాట మాత్రం ఇప్పటికీ చదవడానికి వీలుగానే వుంది.